పాము పెట్టెకు వేడి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లోంచి పాము పెట్టె వేడికి సంబంధించినవే ఏరాం. డిగ్రీలన్నీ సెల్సియస్‌లో చెప్పాం. పాము అన్నప్పుడల్లా ఇళ్లలో పెంచుతున్న విదేశీ జాతులనే అనుకోండి: బాల్ పైథాన్, కార్న్ స్నేక్. మన పొలాల్లో తిరిగే పాముల మాట వేరు, అదీ ఒక జవాబులో ఉంది.

ప్రశ్న: మూడడుగుల గాజు ట్యాంకులో బాల్ పైథాన్‌ని పెంచుతున్నాం. అడుగున హీట్ మ్యాట్ (కరెంటుతో కాగే పలచటి పట్టీ) అంటించాం. మ్యాట్ దానంతటదే ఆగుతుంది, థర్మోస్టాట్ (వేడి చాలగానే కరెంటు ఆపే పరికరం) అక్కర్లేదని అమ్మినవాళ్లు చెప్పారు. నిన్న టెంపరేచర్ గన్‌తో చూస్తే లోపల పరచిన రెండంగుళాల కొబ్బరిపొట్టు మీద 29, పొట్టు పక్కకు తోసి చూస్తే అడుగున 47. పాము పొట్ట ఎర్రగా ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: ముందు మ్యాట్ ప్లగ్గు తీసేసి వచ్చి మిగతాది చదవండి.

కుబుసం విడిచే ముందు కూడా పొట్ట ఎర్రబడుతుంది. అప్పుడు పొట్టంతా ఒకే తీరుగా లేత గులాబీ రంగుకు తిరుగుతుంది, కొద్ది రోజుల్లో కళ్లు పాలపొర కమ్మినట్టు మసకబారతాయి. కాలిన ఎరుపు అలా ఉండదు. మ్యాట్‌కి ఆనిన చోట మాత్రమే మచ్చలు మచ్చలుగా ఉంటుంది, పొలుసుల అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి, ఒక్కోచోట పొలుసు కింద నీరు చేరి ఉబ్బుతుంది. పామును రెండు చేతుల మీదా ఎత్తి పగటి వెలుతురులో చూడండి. మచ్చలైతే కొబ్బరిపొట్టు మొత్తం తీసేసి తెల్ల టిష్యూ కాగితం పరచండి, మురికి పడ్డప్పుడల్లా మార్చండి. పసుపు, కొబ్బరినూనె, టూత్‌పేస్టు వంటివేవీ రాయొద్దు. పొక్కు చిదమొద్దు. గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల మీకు దగ్గరే. పాములను చూసే డాక్టరు ఉన్నారేమో ముందు ఫోన్‌లో కనుక్కుని తీసుకెళ్లండి. కాలిన గాయం ఎంత లోతుకు దిగిందో మొదటి రోజు తెలియదు. కాబట్టి తగ్గినట్టు కనిపిస్తోంది కదా అని ఆగొద్దు.

కాలుతుంటే పాము పక్కకి జరగదా అంటే, జరగదు. ఒళ్లంతా వెచ్చబడేదాకా అది వేడి చోటును వదలదు. పొట్ట కింద ఒక్కచోట చర్మం ఉడుకుతున్నా అక్కడే చుట్ట చుట్టుకుని ఉంటుంది. అందుకే అది తట్టుకోగలదా అని చూడటం కాదు, అంత వేడి అక్కడ పుట్టకుండా చూడటమే మన పని.

మ్యాట్ దానంతటదే ఆగుతుందన్న మాట తప్పు. కరెంటు ఉన్నంతసేపూ అది అన్నే వాట్లు తింటూ కాగుతూనే ఉంటుంది. ఆ వేడి ఎంత తేలిగ్గా బయటికి పోతుందన్నదాన్ని బట్టి ఎక్కడ ఆగేదీ తేలుతుంది. గది పది డిగ్రీలు పెరిగితే మ్యాట్ కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. చలి దేశంలో ఎలాగో గడిచిపోయినా విజయవాడలో అది గడవదు. మీ ట్యాంకులో ఇంకో తప్పు కూడా ఉంది. రెండంగుళాల కొబ్బరిపొట్టు దుప్పటి కప్పినట్టే. వేడి పైకి రాదు, గాజు దగ్గరే పేరుకుంటుంది. పైన 29 చూసి మీరు నిశ్చింతగా ఉన్నారు, పాము మాత్రం పొట్టు తవ్వుకుంటూ 47 దగ్గరకి దిగింది. ట్యాంకు కింద థర్మోకోల్ వేసి ఉంటే అదీ తీసేయండి, కిందికి పోవాల్సిన వేడిని అది ఆపేస్తుంది.

మళ్లీ అమర్చేటప్పుడు ఇలా చేయండి. మ్యాట్ ట్యాంకు అడుగులో మూడో వంతుకు మించకూడదు, అదీ ఒక చివరికే. మీ ట్యాంకు వెడల్పు 45 సెంటీమీటర్లనుకుంటే 28కి 42 సెంటీమీటర్ల మ్యాట్ సరిపోతుంది. గాజును స్పిరిట్‌తో తుడిచి, మ్యాట్‌ను మధ్యలోంచి అంచులకు స్కేలుతో నొక్కుతూ బయటివైపు అంటించండి. గాలి బుడగ మిగిలితే అక్కడ వేడి పేరుకుంటుంది. మడత పడిన మ్యాట్, ఒకసారి అంటించి పీకిన మ్యాట్ మళ్లీ వాడొద్దు. నాలుగు మూలలా రబ్బరు బుడిపెలు అంటించి, బల్లకీ ట్యాంకుకీ మధ్య అర సెంటీమీటరు సందు ఉంచండి. మ్యాట్ ఉన్న వైపు పేపరు గాని, పలచగా ఒక సెంటీమీటరు పొట్టు గాని చాలు.

థర్మోస్టాట్ సెన్సరును మ్యాట్‌కీ గాజుకీ మధ్య, బయటివైపే, అల్యూమినియం టేపుతో కదలకుండా అంటించండి. లోపల పెడితే పాము దాన్ని లాగేస్తుంది, లేదా దాని మీద మూత్రం పోస్తుంది. సెన్సరు ఊడి చల్లగాలిలో వేలాడితే థర్మోస్టాట్ ఇంకా చలిగానే ఉందనుకుని మ్యాట్‌ను ఆపదు. ట్యాంకు లోపల అంటుకునే టేపు ఎక్కడా వాడొద్దు. పొలుసులకు పట్టుకుంటే చర్మం ఊడొస్తుంది.

సెన్సరు గాజుకు బయట ఉంది కాబట్టి అక్కడి అంకె, లోపలి అంకె ఒకటి కావు. మొదట 34కి పెట్టి, పాము లేకుండా ఒక పూట నడిపి, లోపల అడుగు గాజు మీద ఒక నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద గన్ పెట్టి చూడండి. నున్నటి గాజు మీద గన్ కొంచెం తప్పు చూపిస్తుంది, మెరుపు లేని నల్ల టేపు మీద సరిగా చూపిస్తుంది. లోపల 32, 33 వచ్చేదాకా థర్మోస్టాట్‌ను ఒక్కో డిగ్రీ మార్చండి. తర్వాత టేపు ముక్క పీకేసి, ఒక రోజంతా గమనించి, అప్పుడు పామును వదలండి. వారానికోసారి సెన్సరు చుట్టూ టేపు గట్టిగా ఉందో లేదో వేలితో నొక్కి చూడండి.

ప్రశ్న: మన ఊరి వేడికి పాముకి అసలు హీటర్ కావాలా? ఎంత ఉంటే సరి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కర్లేదు. కానీ కావాల్సిన రోజులు మీరనుకునేవి కాకపోవచ్చు.

బాల్ పైథాన్‌కి వేడి చివర నేల మీద 32, 33, చల్లటి చివర 25 నుంచి 27, రాత్రి ఎక్కడా 24 కంటే దిగకుండా ఉండాలి. కార్న్ స్నేక్‌కి వేడి చివర 29, 30, చల్లటి చివర 23, 24, రాత్రి 20కి దిగినా ఇబ్బంది లేదు. పెట్టె మొత్తం ఒకే వేడి ఉండకూడదు. తిన్నాక అరగడానికి అది వెచ్చటి చోటికి వస్తుంది, చాలనుకుంటే చల్లటి చోటికి పోతుంది. ఒళ్లు దానంతటదే వెచ్చబడదు కాబట్టి చోటు మారడమే దానికున్న సాధనం. రెండు చివరలా దాక్కునే గూళ్లు పెట్టండి. గూడు ఒక్కటే ఉంటే, అదీ వేడి చివరే ఉంటే, వేడెక్కువైనా పాము దాపు వదిలి రాదు.

సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున గది 21, 22కి దిగితే కార్న్ స్నేక్‌కి పెద్ద లోటు లేదు, బాల్ పైథాన్‌కి మ్యాట్ కావాలి. చాలామంది గమనించనిది ఏసీ గది. మే నెలలో పాము ట్యాంకు పడకగదిలో పెట్టి రాత్రంతా 22లో ఏసీ నడిపితే, దానికి అదే చలికాలం. పగలు తిన్న ఎలుక అరక్క మర్నాడు కక్కేస్తుంది. ఒకసారి కక్కితే పది నుంచి పద్నాలుగు రోజులు ఏమీ పెట్టకుండా, తర్వాత సగం సైజు ఎలుకతో మొదలుపెట్టాలి. నెలల తరబడి చలిలో ఉంటే ఊపిరితిత్తులకు నెమ్ము చేరుతుంది. ముక్కు దగ్గర బుడగలు, గురక, తల పైకెత్తి నోరు తెరిచి పీల్చడం కనిపిస్తే డాక్టరుకు చూపించాల్సిందే. వేడి పెంచినంత మాత్రాన అది తగ్గదు.

ప్రశ్న: మావాడు గదిలో చెక్కపెట్టెలో పామును పెట్టాడు. లోపల 100 వాట్ల బల్బు, మామూలు ప్లాస్టిక్ హోల్డరు. మొన్న కాలిన వాసన వచ్చింది, హోల్డరు మెత్తబడి వంగింది. చలని పెట్టె మీద దుప్పటి కూడా కప్పుతున్నాడు. నాకు భయంగా ఉంది.
– ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, మీ భయం సరైనదే. ఆ బల్బు ఈ రాత్రికి వెలిగించనివ్వకండి. ఒక్క రాత్రి చలికి పాముకి ఏమీ కాదు.

అక్కడ మూడు తప్పులున్నాయి. ఇళ్లలో వాడే ప్లాస్టిక్ హోల్డరు తెరిచిన గదిలో వేలాడే బల్బుకి సరిపోతుంది గాని, మూసిన పెట్టెలో 100 వాట్ల వేడికి ఆగదు. మెత్తబడి లోపలి పిన్నులు వదులవుతాయి, అక్కడ నిప్పురవ్వలు లేస్తాయి. రెండోది దుప్పటి. బల్బు ఉన్న పెట్టె మీద గుడ్డ ఎప్పుడూ వేయకూడదు. మూడోది, బల్బు పాముకి అందేలా ఉండటం. పాము బల్బు మీదికి ఎక్కి దానికి చుట్టుకుంటుంది, అలా కాలిన గాయాలు చాలా లోతుగా దిగుతాయి.

చెక్కపెట్టెకు పైనుంచే వేడి పెట్టాలి. వెలుతురు ఇవ్వకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటర్ బల్బు దొరుకుతుంది. రెండున్నర, మూడడుగుల చెక్కపెట్టెకు 60 వాట్లతో మొదలుపెట్టి చూడమనండి. దానికి మరతిప్పే పింగాణీ హోల్డరు కావాలి, మన ఇళ్లలో ఉండే పిన్నుల హోల్డరులో అది పట్టదు. వైరు కూడా వేడికి ఆగే సిలికాన్ తొడుగుదో, ఫైబర్‌గ్లాస్ తొడుగుదో ఉండాలి. ఆ బల్బు ముట్టుకుంటే చేయి అక్కడికక్కడే బొబ్బలెక్కుతుంది. ఆపిన తర్వాత కూడా అరగంట ముట్టుకోకూడదు. ఎర్రగా వెలగదు కాబట్టి చల్లగా ఉందనుకుంటారు, ఇంట్లో పిల్లలుంటే వాళ్లకి ముందే చెప్పండి. బల్బు చుట్టూ ఇనుప జాలి పంజరం బిగించాలి, జాలికీ బల్బుకీ మధ్య అన్నివైపులా నాలుగైదు సెంటీమీటర్లు ఉండాలి. జాలి కన్ను పాము తల దూరనంత సన్నగా ఉండాలి. హోల్డరు బిగించే చోట చెక్కకు అల్యూమినియం రేకు అడ్డం వేయించండి. దీనికీ థర్మోస్టాట్ తప్పదు, సెన్సరు బల్బు కింద పాము పడుకునే ఎత్తులో బిగించాలి. ప్లగ్గు నేరుగా గోడకే పెట్టండి. మూడు నాలుగు ఛార్జర్లున్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకి కాదు. ఇంటి మెయిన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. నీళ్ల ముంత, మూత్రం, కరెంటు ఒకేచోట ఉన్న పెట్టె ఇది.

ప్రశ్న: ఎస్టీసీ-1000 కంట్రోలర్ (అంకెల తెర ఉన్న థర్మోస్టాట్) కొన్నాను. 5, 6 టెర్మినళ్లకు మ్యాట్ కలిపాను, రిలే (లోపలి స్విచ్చు) టిక్కుమంటోంది గాని మ్యాట్ వేడెక్కడం లేదు.
– డిప్లొమా విద్యార్థి, తెనాలి

జవాబు: 5, 6 నంబర్లలోంచి కరెంటు రాదు. అవి వట్టి స్విచ్చు రెండు కొసలు. 1, 2కి ఫేజు, న్యూట్రల్ ఇచ్చాక, ఫేజు నుంచే ఇంకో ముక్క తీసి 5కి ఇవ్వండి. 6 నుంచి మ్యాట్ ఒక వైరుకు, మ్యాట్ రెండో వైరు నేరుగా న్యూట్రల్‌కు. సెన్సరు 3, 4కి. 7, 8 చల్లదనం రిలే, ఖాళీగా వదిలేయండి.

సెట్టింగుల్లో ఎఫ్1 మీకు కావాల్సిన డిగ్రీ. ఎఫ్2 తేడా, 0.5 పెట్టండి. అంటే 34 అని పెడితే 34లో ఆగి 33.5కి దిగాక మళ్లీ మొదలవుతుంది. ఎఫ్3 ఫ్రిజ్ కంప్రెసర్ కోసం, దాని జోలికి పోనక్కర్లేదు. ఎఫ్4 సెన్సరు తప్పును దిద్దుకోవడానికి. గ్లాసు నిండా చితక్కొట్టిన ఐసు వేసి, ఖాళీలు నిండేదాకా నీళ్లు పోసి, కలిపి, సెన్సరు ఐదు నిమిషాలు ముంచండి. 0 చూపించాలి. 0.8 చూపిస్తే ఎఫ్4ని -0.8 చేయండి.

దాని వెనక టెర్మినళ్లు బయటికే ఉంటాయి, చేయి తగిలితే 230 వోల్టులు. మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, వైర్లు లాగినా ఊడకుండా కేబుల్ గ్లాండ్లు వేసి, ఫేజులో 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టాకే వాడండి. పెట్టెను ట్యాంకు కంటే ఎత్తులో గోడకు బిగించండి. సెన్సరు వైరు పెట్టెలోకి పోయేముందు ఒకసారి కిందికి వంగి పైకి ఎక్కాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటిచుక్క ఆ వంపులో రాలిపోతుంది.

ఇంకొకటి తప్పకుండా చేయండి. సెన్సరు తెగిపోతే ఈ కంట్రోలర్ ఈఈ అని చూపించి మ్యాట్‌ను ఆపేస్తుంది. కానీ రిలే కొసలు కాలి అతుక్కుపోతే తెర మీద అంకె పెరుగుతూ పోతున్నా మ్యాట్ ఆగదు. అందుకని కేఎస్డీ-301 అనే చిన్న థర్మల్ స్విచ్చు తీసుకోండి, మామూలుగా కలిసి ఉండి 45 దగ్గర విడిపోయే రకం. వేళ్ల మధ్య పట్టేంత చిన్న బిళ్ల, రెండు కొసలు, లోహపు ముఖం ఒకవైపు. ఆ ముఖాన్ని మ్యాట్‌కి ఆనించి అల్యూమినియం టేపుతో బిగించండి, టేపు ఆ కొసలకు తగలకూడదు. కొసలకు వైర్లు అతికాక వేడికి ఆగే తొడుగు వేసి, మ్యాట్‌కి వెళ్లే ఫేజులో వరసగా కలపండి. కంట్రోలర్ చచ్చినా అది పాముకి కాపలా ఉంటుంది.

ప్రశ్న: కొండ వార మూడో అంతస్తు, పైన శ్లాబే. ఎండాకాలం రాత్రి పదింటికి కూడా గది 37. హీటర్ లేకపోయినా బాల్ పైథాన్ నీళ్లగిన్నెలోనే పడి ఉంటోంది.
– ఒక పాఠకుడు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: గిన్నె వదలడం లేదంటే ట్యాంకులో చల్లటి చోటు ఇంకెక్కడా లేదని అర్థం. 35 దాటి గంటల తరబడి ఉంటే బాల్ పైథాన్‌కి ప్రమాదం, 40 దగ్గర ప్రాణం పోతుంది. వేడి తక్కువైన పాము రోజుల తరబడి తట్టుకుంటుంది, వేడి ఎక్కువైన పాము ఒక్క మధ్యాహ్నంలో పోతుంది. రోహిణి కార్తెలో మన దగ్గర పాముకి అసలు గండం ఇదే.

ట్యాంకును అల్మరా మీంచి దించి నేల మీద, పడమటి గోడకు దూరంగా పెట్టండి. అదే గదిలో నేల దగ్గరికీ శ్లాబు దగ్గరికీ రెండు మూడు డిగ్రీలకు తక్కువ కాకుండా తేడా ఉంటుంది. కింది అంతస్తులో తెలిసినవాళ్లుంటే ఆ రెండు నెలలకు అక్కడ పెట్టడం అన్నిటికంటే మేలు. ఏసీ ఉంటే 27లో నడపండి, వేడి చివర మ్యాట్‌ను థర్మోస్టాట్ చూసుకుంటుంది. ఏసీ లేకపోతే లీటరు నీళ్ల సీసాలు రెండు గడ్డకట్టించి, ఒకదాన్ని తువ్వాలులో చుట్టి చల్లటి చివర పైజాలి మీద పడుకోబెట్టండి. చల్లగాలి బరువు కాబట్టి కిందికి దిగుతుంది. కరిగాక రెండోది మార్చండి. ఆ చివరి గూట్లో తడిపి పిండిన కొబ్బరిపీచు పెట్టండి.

ఫ్యాను ఒక్కటే చాలదు. మనకు చెమట ఆరుతుంది కాబట్టి ఫ్యాను చల్లగా ఉంటుంది, పాముకి చెమట లేదు. 38 డిగ్రీల గాలి విసిరితే పాముకి తగిలేది వడగాడ్పే. ఎయిర్ కూలర్ పొడి వడగాడ్పుల్లో పనిచేస్తుంది, ఉక్కపోత రోజుల్లో చెమ్మ పెంచడం తప్ప పెద్దగా చల్లబరచదు. ఆ వేడిలో మేత పెట్టొద్దు. ఎదిగిన ఆరోగ్యమైన బాల్ పైథాన్ కొన్ని వారాలు తినకపోయినా ఏమీ కాదు, నీళ్లు మాత్రం రోజూ మార్చండి. నోరు తెరిచి, ఒళ్లు వదిలేసినట్టుంటే చల్లటి గదికి తెచ్చి, 26 డిగ్రీల నీళ్లు లోతు లేని టబ్బులో పోసి తల పైకి ఉండేలా పట్టుకోండి. ఐసు నీళ్లు పోయొద్దు. వెంటనే డాక్టరు దగ్గరికి బయల్దేరండి, దారిలో కారు ఎండలో ఆపి దిగిపోకండి.

ప్రశ్న: హీట్ రాక్ (లోపలి తీగతో కాగే రాయిలాంటి హీటర్) కొనొచ్చా? రాత్రికి ఎర్ర బల్బు మంచిదంటున్నారు, నిజమా?
– ఒక పాఠకుడు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: రెండూ వద్దు. హీట్ రాక్ లోపలి తీగ అన్నిచోట్లా ఒకే తీరుగా కాగదు, ఒకచోట 30 ఉంటే బెత్తెడు దూరంలో 50 ఉంటుంది. పాము దాని మీదే చుట్టుకుంటుంది. ఎర్ర బల్బు వెలుతురు పాముకి కనబడదన్నది నిజం కాదు. రాత్రి చీకటి ఉండాలి. మ్యాట్ గాని, సిరామిక్ బల్బు గాని చాలు.

ప్రశ్న: పొలం గట్టున పిల్ల జెర్రిపోతు దొరికింది. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాం. బల్బు ఎంతది పెట్టాలి?
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: బల్బు వద్దు, డబ్బా వద్దు. జెర్రిపోతు, కొండచిలువ, రెండు తలల పాము వంటి మన దేశపు పాములను 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతోంది, వాటిని పెంచడం నేరం. అది నిజంగా జెర్రిపోతేనని కూడా రూఢిగా అనుకోకండి, నాగుపాము పిల్లను చూసి జెర్రిపోతు పిల్లని పొరపాటు పడేవాళ్లున్నారు. చేత్తో తాకకుండా డబ్బా నీడలో ఉంచి అటవీ శాఖకు ఫోన్ చేయండి. విదేశీ పాములు పెంచేవాళ్లకూ ఒక మాట: బాల్ పైథాన్ సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం దాన్ని కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయించాలి.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు. మళ్లీ అలా జరిగితే పాము వేడికి ఏం చేయాలి? ఇన్వర్టర్ మీద నడపొచ్చా?
– ఒక పాఠకుడు, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

జవాబు: సెప్టెంబరులో మన గదుల వేడి బాల్ పైథాన్‌కి హీటర్ లేకుండానే సరిపోతుంది. అప్పుడు చూడాల్సింది నీరు, కరెంటు. నీళ్లు గుమ్మం ఎక్కకముందే అన్ని ప్లగ్గులూ తీసేయండి. పామును నూలు దిండుగలీబులో వదిలి మూతి ముడేసి, గాలి రంధ్రాలున్న మూత డబ్బాలో పెట్టి పై అంతస్తుకి తీసుకెళ్లండి. నీళ్లు తగ్గాక మ్యాట్ తడిసిందని తెలిస్తే ఆరబెట్టి వాడే ప్రయత్నం చేయకండి, పారేయండి.

చలికాలపు కరెంటు కోతకు, మ్యాట్ 20 వాట్లదే కాబట్టి ఇన్వర్టర్ మీద హాయిగా నడుస్తుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరైతే ఆన్-ఆఫ్ థర్మోస్టాట్ పనిచేస్తుంది, బల్బును మసకబార్చే డిమ్మర్ థర్మోస్టాట్ మాత్రం దాని మీద తిన్నగా నడవదు. ఇన్వర్టర్ లేకపోతే ట్యాంకుకు మూడు పక్కలా దుప్పటి చుట్టి, పైజాలిలో మూడో వంతు గాలికి తెరిచి ఉంచండి. ఇది మ్యాట్, బల్బు రెండూ ఆగి ఉన్నప్పుడు మాత్రమే, కరెంటు రాగానే దుప్పటి తీసేయాలి. లీటరు సీసాలో 40 డిగ్రీల నీళ్లు, అంటే చేయి పెడితే హాయిగా ఉండేటంత, పోసి మందపాటి గుడ్డలో చుట్టి ఒక చివర పెట్టండి. పొయ్యి మీంచి దించిన నీళ్లు కాదు. రెండు గంటలకోసారి మార్చితే తెల్లారేదాకా చాలు. కోత ఉంటుందని తెలిసిన రోజు, దాని ముందు రెండు రోజులు మేత ఆపండి.